జలగా, క్రాంక్‌బైటా? మిల్ లాక్స్‌లో వాలై వేటపై వాదోపవాదం

అమెరికాలోని మిన్నెసోటాలో మిల్ లాక్స్ సరస్సు విస్తీర్ణం సుమారు 1,32,000 ఎకరాలు, లోతు ఎంత ఎక్కువైనా 42 అడుగులు. వేసవిలో అక్కడ వాలై అనే మంచినీటి చేపకు జలగను ఎరగా కట్టి బెండు గాలం వేయడం మేలా, పడవ నడుపుతూ క్రాంక్‌బైట్ (లాగితే నీళ్ళలో మునిగి ఈదే చేప ఆకారపు కృత్రిమ ఎర) లాగడం మేలా? రమణది బెండు పక్షం, కిశోర్‌ది లాగుడు పక్షం.

రమణ: వాలై కంటి వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. మసక వెలుతురులోనూ దానికి చూపు ఆనుతుంది. అందుకే పొద్దువాలాక మేత కోసం రాళ్ళ గుట్టల మీదికి, ఎనిమిది పన్నెండు అడుగుల నీళ్ళలోకి వస్తుంది. అక్కడ ఇంజను తిప్పితే బెదురుతుంది. గాలికి ఎగువన లంగరు వేసి, బెండును అలల మీద గుట్ట అంచుకు వదలాలి. జలగ ముక్కు ముందే మెలికలు తిరుగుతుంటే దానికి తరిమే పని ఉండదు.

కిశోర్: ఆ సాయంత్రం పూట మీదే అన్నా. మరి పగలంతా? పగలు చేప సరస్సు నడిమి బురద దిబ్బల అంచుల్లో, పాతిక అడుగుల లోతున చెదిరి ఉంటుంది. ఒక్కచోట లంగరేసి కూర్చుంటే అది మీ దారికే వస్తుందని ఏమిటి నమ్మకం? గంటకు రెండు మైళ్ళ వేగంతో లాగితే గంటలో రెండు మైళ్ళ అంచు గాలించినట్టే.

రమణ: గాలించడం వేరు, నోరు తెరిపించడం వేరు. మేఫ్లై పురుగులు బురదలోంచి లేచే రోజుల్లో వాలై వాటితోనే కడుపు నింపుకుంటుంది. శబ్ద తరంగాలతో చేపల జాడ చూపే సోనార్ తెర నిండా చేపలు కనిపిస్తాయి, పక్కనుంచి దూసుకుపోయే క్రాంక్‌బైట్‌ను మాత్రం పట్టించుకోవు. అప్పుడు చిన్న జలగే దిక్కు. కట్టడం కూడా సులువు. పైన బెండును ఆపే దారపు ముడి, దాని కింద పూస, ఆ కింద జారే బెండు, గాలానికి అడుగున్నర పైన సీసం గుళ్ళు, చివర ఆరో నంబరు గాలం. జలగను చూషకం ఉన్న వెడల్పు కొస దగ్గర గుచ్చాలి. బెండు మొన మాత్రమే పైకి కనిపించేదాకా సీసం పెంచాలి. బెండు మరీ తేలికగా తేలితే, చేప లాగినప్పుడు అది ఎదురు లాగుతుంది, చేప ఎర ఉమ్మేస్తుంది. గాలానికి బరువు తగిలించి ముందు లోతు కొలవాలి. ఎర నేలకు అడుగు ఎత్తున ఉండేలా ముడి జరపాలి. బెండు పక్కకు ఒరిగి పడుకుంటే సీసం నేలకు ఆనిందన్నమాట.

కిశోర్: లోతు పట్టడం మా దగ్గరా లెక్కే. లోపల సీసం తీగ ఉన్న లెడ్‌కోర్ దారం పది గజాలకోసారి రంగు మారుతుంది. రెండు మైళ్ళ వేగంలో ఒక్కో రంగూ సుమారు ఐదడుగులు దింపుతుంది. పాతిక అడుగుల నీళ్ళలో నాలుగు రంగులు వదిలి, చివర పదిహేను అడుగుల ఫ్లోరోకార్బన్ అనే పారదర్శక దారం కట్టి, ఎక్కువ మునగని చిన్న షాడ్ రకం క్రాంక్‌బైట్ తగిలిస్తే నేలకు కాస్త పైన ఈదుతుంది. పడవను పాములా మెలికలు తిప్పాలి. మలుపులో బయటివైపు ఎర వేగం పెరిగి పైకి లేస్తుంది, లోపలివైపుది నెమ్మదించి దిగుతుంది. ఏ వైపు చేప పడితే ఆ వేగమే ఆ పూటకు సరి. కర్ర కొన అదరడం ఆగితే గడ్డి చుట్టుకున్నట్టే, వెంటనే పైకి లాగి చూడాలి.

రమణ: మిన్నెసోటాలో వేసవిలో మనిషికి ఒక్క గాలపు దారమే వేయనిస్తారు. ఇద్దరుంటేనే నువ్వు చెప్పే రెండు వైపుల పరీక్ష.

కిశోర్: ఇద్దరుంటే చాలు. అసలు సంగతి వేరే ఉంది. 2016లో ఇక్కడ వాలైని పట్టినా వదిలేయాల్సిందేనన్నప్పుడు, దాని వేటలో బతికున్న ఎరనూ నిషేధించారు. జలగనైతే చేప లోపలికి మింగేస్తుంది, గాలం గొంతులో దిగుతుంది. క్రాంక్‌బైట్ ఎక్కువగా మూతికే తగులుతుంది.

రమణ: మింగేదాకా ఊరుకోవడం వేటగాడి తప్పు. బెండు మునగగానే దారంలో వదులు చుట్టేసి, బరువు చేతికి తగలగానే కర్రను పక్కకు ఈడ్చాలి. అయినా మింగితే గాలం పీకకూడదు, దారం కోసి వదలాలి. నీ సంగతి చూడు. ముప్పై అడుగుల లోతునుంచి లాగిన చేపకు గాలితిత్తి ఉబ్బుతుంది. పై నీళ్ళు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఎండలో, మూతికి తగిలిన చేప కూడా వదిలాక చచ్చిపోవచ్చు. పైగా నీ ఎరకు మూడు కొక్కేల గాలాలు రెండు. ఒకటి నోట్లో ఉంటే రెండోది కంటికి తగులుతుంది.

కిశోర్: కంటి మాట నిజం, కొక్కేల ముళ్ళు నొక్కేసి, వెనక గాలం ఒక్కటే ఉంచవచ్చు. లోతు సంగతీ ఒప్పుకుంటాను. నీళ్ళు వేడెక్కాక పాతిక అడుగులు దాటి లాగను. అంతలోపు మాత్రం లాగుడే.

రమణ: అయితే ఎండాకాలం మధ్యాహ్నం నీకు దిబ్బల పైభాగాలే మిగులుతాయి. గాలి లేని పూట అక్కడా కష్టమే. 2005లో నీటిని వడగట్టి తినే జీబ్రా ఆల్చిప్పలు కనిపించినప్పటి నుంచి ఈ నీళ్ళు తేటబడ్డాయి. నీళ్ళు అద్దంలా ఉన్న పగలు వాలై మేతకు రావడం తక్కువ. అప్పుడు క్రాంక్‌బైట్ అయినా జలగ అయినా చుట్టి పెట్టుకుని, అలలు లేచేదాకా ఆగాలి.