కళ్లు కదిపితే తాగుడు మానిపోతుందా? ఈఎండీఆర్‌పై తిరుగుతున్న సందేశానికి జవాబు

కొంతకాలంగా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: "తాగుడు, గంజాయి, ఆన్‌లైన్ జూదం, ఏ వ్యసనానికైనా మూలం చిన్ననాటి మానసిక గాయమే. ఈఎండీఆర్ చికిత్సలో కళ్లను అటూ ఇటూ కదిపించి ఆ గాయాన్ని చెరిపేస్తారు. ఆరు సెషన్లలో వ్యసనం పోతుంది. మందులు అక్కర్లేదు, ఆస్పత్రిలో చేరనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆమోదించింది."

వ్యసనాలతో బాధపడేవారికి కౌన్సెలింగ్ చేయడం నా వృత్తి. ఫోనులో ఈ సందేశం చూపించి "ఇది చేయించవచ్చా అండీ?" అని అడిగే తల్లులు, భార్యలు తరచూ వస్తుంటారు. ఈఎండీఆర్ (ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్) అంటే బాధాకరమైన జ్ఞాపకాన్ని తలచుకుంటూ చూపును అటూ ఇటూ కదిపిస్తూ చేసే మానసిక చికిత్స. అది బూటకం కాదు, శిక్షణ పొందినవారి చేతిలో పనికొచ్చే చికిత్సే. కానీ పై సందేశంలో ఒక వాక్యం ప్రాణం మీదికి తెచ్చేది. ముందు దాని సంగతి చూద్దాం.

"మందులు అక్కర్లేదు, ఆస్పత్రిలో చేరనక్కర్లేదు."

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి మెదడు ఆ మత్తుకు ఎదురీదుతూ ఎప్పుడూ అతిగా ఉత్తేజంతో పనిచేయడానికి అలవాటుపడుతుంది. మద్యం హఠాత్తుగా ఆగిపోతే ఆ ఉత్తేజానికి అడ్డుండదు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, వాంతులవుతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. కొందరికి రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. తాను ఎక్కడున్నాడో తెలియదు. గోడ మీద లేని పురుగులను చేత్తో దులుపుతుంటాడు. జ్వరం, రక్తపోటు పెరుగుతాయి. వైద్యం అందకపోతే ఈ దశలో చనిపోయే ప్రమాదం ఉంది. మెదడు ఉత్తేజాన్ని శాంతింపజేసే క్లోర్‌డయాజిపాక్సైడ్ లేదా లోరజిపామ్ మందును డాక్టరు పర్యవేక్షణలో మోతాదు తగ్గిస్తూ ఇవ్వడం, బీ1 విటమిన్ అయిన థయామిన్ ఇవ్వడం దీనికి మార్గం. ఆ మూడు నాలుగు రోజుల్లో ఏ మాటల చికిత్సా, ఏ కళ్ల కదలికా ఈ మందుల స్థానాన్ని తీసుకోలేదు.

తెలంగాణలో దీన్ని కళ్లారా చూశాం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల మద్యం, కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి బాధితులు వరుసకట్టారు. కల్తీ కల్లు తాగేవారి పరిస్థితి మరీ కష్టం. అందులో కలిపే అల్ప్రాజోలం, డైజీపాం లాంటి మత్తుమందులకు శరీరం అలవాటుపడి ఉంటుంది, అవి హఠాత్తుగా ఆగినా ఫిట్స్ వస్తాయి. ఇంట్లో ఇలా తాగేవారుంటే మానిపించే ముందు మానసిక వైద్యుడికో, ప్రభుత్వ ఆస్పత్రిలోని డాక్టరుకో చూపించాలి.

మళ్లీ తాగుడు వైపు జారిపోకుండా తర్వాతి నెలల్లో వాడే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. హెరాయిన్ వంటివాటికి అలవాటుపడినవారికి ఇచ్చే బుప్రెనార్ఫిన్ మరణాలను గణనీయంగా తగ్గిస్తుంది. వీటిని ఆపించి సెషన్లకు రమ్మనేవారి దగ్గరికి వెళ్లకండి. (సందర్భం వచ్చింది కనుక ఇంకో మాట. మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్రను పొడి చేసి, తాగే మనిషికి తెలియకుండా అన్నంలో కలిపే ఇళ్లున్నాయి. అది కడుపులో ఉండగా తాగితే గుండెకే ముప్పు రావచ్చు. దయచేసి ఆ పని చేయకండి.)

"ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది."

ఆమోదించిన మాట నిజం. దేనికి ఆమోదించింది అన్నదే ఆ సందేశం దాచిపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో ఈఎండీఆర్‌ను సూచించింది పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలకుండా వేధించే ఒత్తిడి రుగ్మతకు. ఏ జబ్బుకు ఏ చికిత్స వాడాలో సూచించే బ్రిటన్ సంస్థ నైస్ 2018లో సిఫారసు చేసిందీ దానికే. ఈఎండీఆర్‌ను రూపొందించిన అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాన్సీన్ షాపిరో 1989లో ప్రచురించిన తొలి అధ్యయనం కూడా లైంగిక దాడికి గురైనవారు, వియత్నాం యుద్ధంలో పోరాడినవారి బాధాకరమైన జ్ఞాపకాల మీద చేసినదే. ఆ సిఫారసులను వ్యసనానికి అంటగట్టడం చదివేవారిని మోసగించడమే.

"ఆరు సెషన్లలో వ్యసనం పోతుంది."

వ్యసనం మీద ఈఎండీఆర్‌ను పరీక్షించినవారు లేకపోలేదు. జర్మనీలో మిషాయెల్ హాజే బృందం 2008లో 34 మంది మద్యం బాధితులపై అధ్యయనం ప్రచురించింది. మామూలు చికిత్సకు రెండు ఈఎండీఆర్ సెషన్లు చేర్చినవారిలో తాగాలన్న తపన తగ్గింది, నెల తర్వాత కూడా ఆ తేడా కనిపించింది. ఇలాంటి ఫలితం చూస్తే ఎవరికైనా ఆశ కలుగుతుంది, నాకూ కలిగింది. కానీ 34 మంది చాలా తక్కువ. 2020లో నెదర్లాండ్స్ పరిశోధకులు 109 మందితో ఇంకా పెద్ద పరీక్ష చేశారు. మామూలు చికిత్సకు వ్యసనంపై గురిపెట్టిన ఈఎండీఆర్ జోడించినా అదనపు ప్రయోజనం కనబడలేదు. 2014లో ఫ్రాన్స్‌లో పీటీఎస్‌డీ, మత్తుపదార్థాల సమస్య రెండూ ఉన్న 12 మంది మహిళలపై చేసిన చిన్న అధ్యయనంలో గాయం తాలూకు లక్షణాలు తగ్గాయి, వ్యసనం తాలూకువి తగ్గలేదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారెవరూ ఆరు సెషన్ల హామీ ఇవ్వలేరు.

"కళ్లు కదిపించి గాయాన్ని చెరిపేస్తారు."

దేన్నీ చెరపరు. ఈ చికిత్సకు ఎనిమిది దశలున్నాయి, మొదటి రెండూ చరిత్ర తెలుసుకోవడానికి, మనిషిని సిద్ధం చేయడానికే. ఉద్వేగం ముంచుకొచ్చినప్పుడు తనను తాను నిలవరించుకోవడం నేర్పకుండా ముందుకు వెళ్లకూడదు. వ్యసనానికి వాడే పద్ధతిలో ఒక ఘట్టం ఇలా ఉంటుంది. జీతం పడిన సాయంత్రం, బస్టాండు పక్కన వైన్ షాపు, కౌంటరు మీద చల్లని సీసా: తపన పుట్టించే ఆ దృశ్యాన్ని మనసులో నిలుపుకోమంటారు. తపన సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో చెప్పమంటారు. థెరపిస్టు వేళ్లు కళ్లముందు కుడికీ ఎడమకీ కదులుతుంటే కొద్దిసేపు చూపుతో అనుసరించాలి. ఆపి, ఇప్పుడేం తోస్తోంది అని అడుగుతారు. మళ్లీ మొదలు. జ్ఞాపకాన్ని, కదలికను ఒకేసారి పట్టుకోవడానికి మనసు తంటాలు పడుతుంది కనుక ఆ దృశ్యం పదును తగ్గుతుందని పరిశోధకుల్లో కొందరి వివరణ. కళ్ల కదలిక ఎంతవరకు అవసరం అన్న వాదన ఇంకా తెగలేదు. ఫోను యాప్‌లో చుక్కను చూస్తూ కూర్చుంటే ఇదంతా జరిగిపోదని మాత్రం చెప్పగలను.

"ఏ వ్యసనానికైనా మూలం చిన్ననాటి గాయమే."

ఇందులో సగం నిజముంది, అందుకే త్వరగా నమ్మబుద్ధి అవుతుంది. అమెరికాలో ఫెలిట్టి, ఆండా బృందం 1998లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, బాల్యంలో హింస, ఇంట్లో తాగుడు వంటి అనుభవాలు నాలుగు రకాలో అంతకు మించో ఎదుర్కొన్నవారికి మద్యానికి, మత్తుకు బానిసలయ్యే ముప్పు కొన్ని రెట్లు ఎక్కువగా కనిపించింది. కానీ ముప్పు పెరగడం వేరు, అదొక్కటే కారణం కావడం వేరు. వంశపారంపర్యానికి పెద్ద పాత్ర ఉంది. స్నేహితులు, చవకగా దొరకడం, వీధి చివరే దుకాణం ఉండడం, జూదం యాప్‌లు అప్పుడప్పుడూ గెలిపించి ఆశపెట్టే తీరు, ఇవన్నీ కలుస్తాయి. ఏ గాయమూ లేని మనిషి చేత లేని గాయాన్ని తవ్వించబూనడం అన్యాయం. "మీరు పెంచిన తీరు వల్లే ఇలా అయ్యాడు" అని ఆ తల్లిదండ్రులకు చెప్పడం అంతకన్నా అన్యాయం.

గాయం నిజంగా ఉన్నవారి మాట వేరు. రాత్రిళ్లు పీడకలలు తట్టుకోలేక తాగేవారికి తాగుడు పూర్తిగా మానేదాకా గాయానికి చికిత్స వద్దనే పాత పట్టుదల ఇప్పుడు సడలింది. 2012లో ఆస్ట్రేలియాలో 103 మందితో ప్రచురించిన అధ్యయనంలో కొందరికి, ఈఎండీఆర్ కాకుండా మానసిక గాయానికి చేసే మరో చికిత్సను వ్యసన చికిత్సతో కలిపి ఇచ్చారు. పీటీఎస్‌డీ తగ్గింది, మత్తు వాడకం పెరగలేదు. ఈఎండీఆర్‌కు తగిన చోటు కూడా అదే: డాక్టరు, మందులు, కౌన్సెలింగ్, కుటుంబం ఉన్న చికిత్సలో ఒక భాగంగా, అవసరమున్నవారికి.

ఎవరైనా ఈఎండీఆర్ చేస్తామంటే మూడు సంగతులు అడగండి. భారత పునరావాస మండలి(ఆర్‌సీఐ)లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టా, లేదా మానసిక వైద్యులా? ఈఎండీఆర్‌లో శిక్షణ ఎక్కడ తీసుకున్నారు? మానేసిన తొలి వారంలో ఫిట్స్ వస్తే ఏ డాక్టరును పిలుస్తారు? మూడో ప్రశ్నకు తడుముకుంటే డబ్బు కట్టకుండా లేచి రండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే మత్తు విముక్తికి కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416.