హాల్లోని అద్దాల బీరువా గారికి

మా అన్నయ్య వాళ్ళింట్లో టీవీ పక్కన కొలువైన అద్దాల బీరువా గారికి,

నమస్కారం. ఈ ఇంట్లో పుస్తకాలను పిల్లల బారి నుంచి ఇన్నేళ్ళుగా కాపాడుతున్నందుకు మీకు సన్మానం చేయాలని ఉంది. శాలువాలు ఎలాగూ మీ పై అరలోనే మడతపెట్టి ఉన్నాయి, కొత్తది కొనక్కర్లేదు.

మీ సేవ సామాన్యమైనది కాదు. రెండో అరలో ఇంగ్లీషు ఎన్‌సైక్లోపీడియా సెట్టు ఉంది కదా, పెద్దోడు పుట్టిన ఏడాది ఇంటికొచ్చిన సేల్స్‌మన్ దగ్గర అన్నయ్య వాయిదాల మీద కొన్నది. పెద్దోడు ఇప్పుడు ఇంటర్. సెట్టు మాత్రం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అలాగే ఉంది. దాని ముందు గాజు తాజ్‌మహల్, గృహప్రవేశానికి వచ్చిన ముగ్గురు వినాయకులు. పుస్తకం తీయాలంటే ముందు ముగ్గురినీ జరపాలి. వదినకి భక్తి ఎక్కువ, జరపనివ్వదు.

ఇక తాళం చెవి దేవుడి గదిలో, గంట వెనకాల. మూడో తరగతి చదివే మా చిన్నోడు అది అడిగితే విచారణ మొదలవుతుంది. చేతులు కడుక్కున్నావా? హోంవర్క్ అయిందా? ఏ పుస్తకం? ఎందుకు? మళ్ళీ ఉన్నచోటే పెడతావా? అన్నిటికీ జవాబు చెప్పేసరికి వాడికి ఆకలేస్తుంది. ఫోన్ మాత్రం సోఫా మీదే పడి ఉంటుంది. దానికి చేతులు కడుక్కునే రూలు లేదు. తర్వాత అన్నయ్య వచ్చినవాళ్ళకి మిమ్మల్ని చూపించి మరీ చెబుతాడు: "ఈ కాలం పిల్లలకి పుస్తకాలంటే పడదండీ. చూడండి, మా ఇంట్లో ఎన్ని ఉన్నాయో!"

పడకపోవడమేంటండీ? మొన్న సాయంత్రం పునుగులు తెచ్చాను. వాడు అవి తినేసి, పొట్లం కాగితాన్ని మోకాలి మీద పరిచి, నూనె మరకల మధ్య అక్షరాలు కూడబలుక్కుంటూ కూర్చున్నాడు. ఇంగ్లీషు మీడియం పిల్లాడు, ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగాడు. అది ఏదో పత్రికలో పిల్లల పేజీ. ఊరి చెరువులోకి మొసలి వచ్చిన కథ. సరిగ్గా మొసలి నోరు తెరిచే చోట కాగితం చిరిగిపోయింది. "మిగతాది ఎక్కడ బాబాయ్?" అంటూ నన్ను బండి దాకా లాక్కెళ్ళాడు. బండాయన మంచివాడు, బేరం వదిలేసి కాగితాల కట్టంతా వెతకనిచ్చాడు. మొసలి దొరకలేదు. రాత్రి పడుకునేముందు మిగతా కథ నన్నే కల్పించి చెప్పమన్నాడు, చెప్పాక బాలేదన్నాడు.

ఇది చెబితే అన్నయ్య వెంటనే ఒక పథకం పెట్టాడు. అరగంట చదివితే అరగంట ఫోన్. పిల్లాడు తెలివైనవాడు, ఇందులో ఏది వెట్టిచాకిరీయో ఏది కూలీయో ఒక్కరోజులో పట్టేశాడు. ఇప్పుడు కళ్ళు పేజీ మీద, చెవి గడియారం మీద. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకి తీసుకెళ్ళినప్పుడూ ఇంతే. వాడు దెయ్యాల బొమ్మల కథ పట్టుకుంటే అన్నయ్య అది లాగేసి జనరల్ నాలెడ్జ్ కొనిపెట్టాడు. అదీ మీ దగ్గరే భద్రంగా ఉంది.

మీ కింది అరలో నాన్నగారి చందమామ బైండ్లున్నాయి. 1947 జూలైలో మొదలైన పత్రిక, మా ఇంటికి ఎన్నేళ్ళు వచ్చిందో వాటిని చూస్తే తెలుస్తుంది. అట్టల్లేవు. సీరియల్ మధ్యలో పేజీలు గల్లంతు. ఒక బేతాళ కథకి విక్రమార్కుడి జవాబే లేదు. ఒకచోట పప్పు మరక, అది నాదో అన్నయ్యదో ఇప్పటికీ తేలలేదు. మధ్యాహ్నాలు మంచం కింద దూరి చదివేవాళ్ళం, రాత్రిళ్ళు అమ్మ పైకి చదివి, సరిగ్గా రాక్షసుడు వచ్చేచోట ఆపేసి దీపం తీసేసేది. మర్నాడు ఆగలేక మేమే చదువుకునేవాళ్ళం. అదృష్టం, అప్పట్లో మా ఇంట్లో మీరు లేరు.

ఇంకా కింద మీ సొరుగు. అందులో ఇంటిపన్ను రసీదులున్నాయి. పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు అన్నయ్య ఏటా కడుతూనే ఉన్నాడు. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని వచ్చిన పన్ను అది. రెండు వీధుల అవతల శాఖా గ్రంథాలయం ఉంది. డబ్బు కట్టి వాడుకోని జిమ్ గురించి రోజూ బాధపడే మనిషి, దీని గురించి ఒక్కసారీ బాధపడలేదు. కొనడం దండగ అనుకుంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం. స్థాయిల వారీగా ఉంటాయి, ఒత్తుల దగ్గర ఆగేవాడికి మొదటి స్థాయి చాలు. ప్రింటు తీసి పిన్ను కొట్టి ఇచ్చేయొచ్చు, చిరిగినా ఎవరి ప్రాణమూ పోదు.

కాబట్టి అయ్యా, నా కోరికలు ఇవి. తాజ్‌మహల్, వినాయకులు, శాలువాలు, జనరల్ నాలెడ్జ్ మీరే ఉంచుకోండి. ఎన్‌సైక్లోపీడియా కూడా, దానికి ఇప్పుడు బయటి గాలి పడదు. చందమామలూ దెయ్యాల కథలూ (రెండోది నేను కొనిచ్చాను) సోఫా పక్కన ప్లాస్టిక్ బుట్టలోకి పంపండి. అన్నం తింటూ చదివితే చూడనట్టు ఊరుకోండి.

ఖాళీ అయిన అర అన్నయ్య ఫోన్‌కి కేటాయించండి. రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా చాలు. ఆ అరగంట ఆయన కూడా బుట్టలోంచి ఏదో ఒకటి తీసుకుని చిన్నోడి పక్కన కూర్చోవాల్సిందే. తాళం చెవి అడిగితే ఏం ప్రశ్నలు వేయాలో మీకు నేర్పక్కర్లేదు.

ఇట్లు,
పునుగులు తెచ్చే బాబాయి