డీడబ్ల్యూజీ పంపే మహానుభావులకో దండం

లినక్స్‌లో క్యాడ్ (కంప్యూటర్‌లో ప్లాన్లు, డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్) నడవదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా నడుస్తుంది, ఎవరో ఆటోక్యాడ్ సొంత ఫార్మాటైన డీడబ్ల్యూజీలో ఫైలు పంపేదాకా! లినక్స్‌లో నడిచే ఉచిత క్యాడ్ ఫ్రీక్యాడ్ దాన్ని తనంతట తాను తెరవదు. ముందు ఆ ఫైలును మార్చిపెట్టే ఓడీఏ కన్వర్టరో, లిబ్రేడీడబ్ల్యూజీయో వేసుకోవాలి. ప్రిఫరెన్సెస్‌లో ఇంపోర్ట్-ఎక్స్‌పోర్ట్ కింద అదెక్కడుందో చూపించాలి. ఇంతా చేస్తే బొమ్మ తిన్నగా వస్తుందా? ఆటోక్యాడ్ వాడే ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లు దొరక్క అక్షరాలు వెడల్పై కొలతల మీదెక్కి కూర్చుంటాయి. ప్లానులోకి బయటినుంచి లింకు చేసిన ఎక్స్‌రెఫ్ ఫైళ్లు జతచేయరు కాబట్టి సగం ప్లాను మాయం! అక్షరాల కింద పడ్డ ఆ కొలతను 1200 అని చదవాలో 1500 అని చదవాలో ఎవడు చెప్పాలి?

సేవ్ యాజ్ నొక్కి, వేరే క్యాడ్‌లు కూడా చదివే డీఎక్స్‌ఎఫ్ ఎంచుకోవడానికి ఏం రోగం? 2డీ ఉచిత క్యాడ్ లిబ్రేక్యాడ్ కూడా దాన్ని హాయిగా తెరుస్తుంది. 3డీ అయితే స్టెప్ ఫార్మాట్‌లో ఇవ్వండి. అందులో ఫీచర్ ట్రీ (మోడల్‌ను ఏ వరసలో కట్టారో చూపే జాబితా) రాదు, నిజమే. ఆకారమైనా చెక్కుచెదరకుండా వస్తుంది కదా!

పైగా ఉచిత సలహా ఒకటి: "ఆటోక్యాడ్‌ను వైన్‌లో (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాధనం) వేసేయ్." లైసెన్స్ మేనేజర్ దగ్గరే చతికిలబడుతుందది, మీరే వేసి చూపించండి!