గీతల నోటుబుక్కు

మా అన్న కొడుకు మూడో తరగతి. వాళ్ళ టీచరమ్మ ఏదో శిక్షణకు పోయొచ్చింది. ఆ వారం నుంచి మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు.

హోంవర్కు ఏమిటంటే, ఇంట్లో ఎక్కువగా వినిపించే మాటలు రాసుకుపోవాలి. ఊరికే రాస్తే చాలదు. ఆ మాట ఎవరి నోట వచ్చినా పక్కన ఒక గీత గీయాలి. నాలుగు నిలువు గీతలయ్యాక ఐదోది అడ్డంగా కొట్టాలి. ఇక చూడండి, పిల్లోడు పెన్సిలు పట్టుకుని వరండాలో మంచం కోడుకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరు నోరు తెరిచినా తలెత్తకుండా గీత!

మా అమ్మ మొదటి రోజే పసిగట్టింది. "ఏందిరా అబ్బయా, తుమ్మినా రాసుకుంటావా?" అంది. "ఏందిరా" పక్కన ఇంకో గీత పడింది. అప్పట్నుంచి ఆమె కోడలితో సైగలు చేయడం మొదలుపెట్టింది. ఆ నాలుగు రోజులూ మా వదిన ముఖం కళకళలాడింది.

మాది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఒక ఊరు. ఇటు వరి, అటు రొయ్యల గుంటలు. మా అన్నవీ రెండు గుంటలున్నాయి. అందుకని సాయంత్రానికి పట్టికలో అన్నిటికన్నా పైకెక్కిన మాట "కౌంటు". తెలియనివాళ్ళకు చెప్తున్నా, కిలోకు వంద రొయ్యలు తూగితే వంద కౌంటు, యాభై తూగితే యాభై కౌంటు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. మావాడికి మాత్రం అంకె పెరిగేకొద్దీ ఆనందం. "కౌంటు ఎంతైందిరా?" అని వాళ్ళ నాన్న ఫోన్లో గుంట దగ్గర మనిషిని అడిగితే, వీడు ఇక్కణ్ణుంచి "ముప్పై ఒకటి" అని కేకేశాడు. ఆ కౌంటు నిజంగా వచ్చుంటే మా అన్న ఈపాటికి మేడ కట్టుండేవాడు.

రెండోది "మేత", మూడోది "కరెంటు". గుంట నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే రొయ్యలకు ఊపిరాడదు కదా, కరెంటు పోయినప్పుడల్లా మా అన్న ఆ మాటను కొన్ని విశేషణాలతో కలిపి అంటాడు. ఆ విశేషణాలు నోటుబుక్కులోకి ఎక్కకుండా వదిన రబ్బరు పట్టుకుని కాపలా కాసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. టీచరమ్మ పట్టిక చూసి వస్తువుల పేర్లన్నీ కొట్టేసింది. వదిన పోయి అడిగితే ఓపిగ్గానే చెప్పిందట. 1936లో అమెరికాలో ఎడ్వర్డ్ డాల్చ్ అనే ఆయన, పిలకాయలకు చదువులో మాటిమాటికీ ఎదురయ్యే ఇంగ్లీషు మాటలు 220 ఏరి పెట్టాడు. అందులో ఒక్క వస్తువు పేరూ లేదు. పేర్లు 95 వేరే పట్టికలో పెట్టాడు. ఆవు కథలో ఆవు వస్తుంది, రొయ్య కథలో రొయ్య వస్తుంది, "అప్పుడు", "కూడా" లాంటి అతుకు మాటలు మాత్రం ఏ కథకైనా అవే. వాటిని చెయ్యి తడుముకోకుండా రాసేస్తే బుర్ర అసలు సంగతి మీద ఉంటుంది. "అప్పుడు"కి ప వత్తు ఉందా లేదా అని పెన్సిలు కొరుకుతూ కూర్చుంటే, రాయాలనుకున్నది కాస్తా మరిచిపోతారు.

మాట న్యాయమే. నిరుడు మావాడు ఆవు గురించి "ఆవు ఉంది. తోక ఉంది. కొమ్ము ఉంది. గడ్డి ఉంది" అని పేజీ నింపాడు. పాపం, తడుముకోకుండా వచ్చే మాట వాడికి అదొక్కటే.

తెలుగుతో ఇంకో తిరకాసు. ఇంగ్లీషులో విడిగా నిలబడే చిన్న మాటలు కొన్ని మన దగ్గర తోకలై అతుక్కుంటాయి. "గుంటకి, గుంటలో, గుంటదాకా... ఇవి ఒకటా మూడా బాబాయ్?" అని నన్నడిగాడు. "గమ్మునుండరా" అన్నాను. దానికీ గీత గీశాడు.

మొత్తానికి కౌంటు పోయింది, మేత పోయింది, కరెంటు ఎట్టాగూ పోతుంది. మా ఇంటి మాటల్లోంచి పేర్లన్నీ తీసేస్తే మిగిలినవి ఇవి: లేడు, అని, చెప్పు, రేపు, ఇంకా, కూడా.

ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, మేత అరువు మీద వస్తుంది. పట్టుబడి, అంటే గుంటలో రొయ్యలు పట్టి అమ్మడం, అయ్యాక లెక్క తేల్చాలి. ఈసారి పట్టుబడి వెనక్కి జరుగుతోంది, మేత కొట్టాయన ఫోన్లేమో దగ్గర పడుతున్నాయి. ఫోన్ మోగిందంటే మా అన్న మంచం మీద నుంచే "లేడని చెప్పు" అంటాడు.

తల్లిదండ్రుల సమావేశం నాడు పిలకాయల కాగితాలన్నీ గోడ పొడవునా దారం కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించారు. ఏరిన మాటలతో సొంతంగా వాక్యాలు రాయాలి. మావాడు రాసింది ఇది:

"నాన్న ఉన్నాడు. ఫోన్ వచ్చింది. అప్పుడు నాన్న లేడు అని చెప్పు అన్నాడు. అమ్మ లేడు అని చెప్పింది. నాన్న ఇంకా మంచం మీదే ఉన్నాడు. రేపు కూడా లేడు."

కింద ఎర్ర సిరాతో ఒక నక్షత్రం, "వెరీ గుడ్".

దాని ముందు కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, వేలు పెట్టి చదువుతున్న మనిషి మేత కొట్టాయన. ఆయన మనవరాలిదీ అదే తరగతి. మా అన్న ఉన్నట్టుండి ఎదురుగోడ మీది భారతదేశ పటంలోకి తొంగిచూడసాగాడు.

"ఎంత చక్కగా రాశాడయ్యా మీవాడు!" అన్నాడు కొట్టాయన. "వత్తు ఒక్కటీ తప్పు పోలేదు. రేపు కూడా లేవంటగా?"

"పిల్లోడు ఏదో ఊహించి రాశాడన్నా" అంది వదిన.

"ఊహ కాదండీ!" టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఇంట్లో విన్నవే రాయమన్నాను. గీతలు కూడా ఉన్నాయి చూడండి." నోటుబుక్కు తెరిచింది. "లేడు" పక్కన గీతలు వరస పట్టక కింది పేజీలోకి దిగాయి.

మా అన్నకు ఇక పటంలో చూడ్డానికి రాష్ట్రాలు మిగల్లేదు. ఇటు తిరిగాడు. తిరిగినవాడి కన్ను పక్క కాగితం మీద పడింది. అది కొట్టాయన మనవరాలిది.

"తాత రోజూ ఫోన్ చేస్తాడు. వాళ్ళు లేడు అని చెప్తారు. తాత అరుస్తాడు. అప్పుడు కంపెనీ ఫోన్ వచ్చింది. తాత కూడా లేడు."

మా అన్న దాన్ని రెండుసార్లు చదివాడు, రెండోసారి పైకే. "మీ పాప కూడా బలే రాసిందన్నా" అన్నాడు, "కూడా" దగ్గర కాస్త ఆగి.

కొట్టాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి టీ తాగడానికి బయటికి పోయారు. పట్టుబడి దాకా ఫోన్లు ఉండవని అక్కడ మాటైందట. టీచరమ్మ మాత్రం ఆ రెండు కాగితాలనూ మండల ఆఫీసులో ప్రదర్శనకు పంపుతానంటోంది, పిలకాయల పేర్లతో పాటు తండ్రుల, తాతల పేర్లు కూడా రాసి.