పొదుగు కాపలాదారులకు ఒక పాలకణం విన్నపం

సూక్ష్మజీవులను మింగే తెల్ల రక్తకణమైన మహారాజశ్రీ న్యూట్రోఫిల్ గారి సముఖానికి,

పాడి ఆవు పొదుగులో పాలు తయారుచేసే ఎపిథీలియల్ కణాన్నైన నేను నమస్కరించి రాసుకునేది ఏమనగా, తమరి శౌర్యం మీద నాకు సందేహం లేదు. విచక్షణ మీదే ఉంది.

చనురంధ్రం గుండా ఈ.కోలై అనే బాక్టీరియా దూరినప్పుడు, దాని పైపొరలోని లిపోపాలీశాకరైడ్‌ను టీఎల్‌ఆర్-4 అనే గ్రాహకంతో పసిగట్టి, ఇంటర్‌ల్యూకిన్-8 అనే సంకేత ప్రోటీన్ ద్వారా తమరికి కబురు పంపేవాళ్లలో మేమూ ఉన్నాం. కొన్ని గంటల్లోనే తమరు రక్తనాళాల గోడలు దాటుకుని దండుగా దిగుతారు. శత్రువు చస్తాడు, నిజమే. కానీ తమరు వెదజల్లే ఆక్సీకారక పదార్థాలకూ, ప్రోటీన్లను కోసే ఎంజైములకూ స్వపరభేదం తెలియదు కనుక, కబురు పంపిన పాపానికి మాలో చాలామందిమి కూడా పోతాం.

అదే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే మరో బాక్టీరియా వస్తే కథ వేరు. దానికి ఆ లిపోపాలీశాకరైడ్ లేదు కాబట్టి మా కబురే నీరసంగా వెళ్తుంది (ఈ తప్పు మాది). తీరా తమరు వచ్చి మింగినా, అందులో కొన్ని తమరి కడుపులోనే బతికి, మందులకు అందకుండా కాలక్షేపం చేస్తాయి. పొదుగు వాయదు, పాల రంగు మారదు, జబ్బు మాత్రం నెలల తరబడి ఉంటుంది. అది అప్పుడప్పుడు నాలోనూ తలదాచుకుంటుంది గనుక ఈ విషయంలో గొంతు పెంచలేను.

గొంతు పెంచవలసింది తమరి తిండి గురించి. పాలలోకి దిగగానే తమరు బాక్టీరియాతోపాటు కొవ్వు బిందువులనూ కేసీన్ అనే పాల ప్రోటీన్‌నూ మింగి, రక్తంలో ఉన్నప్పటి చురుకును పోగొట్టుకుంటారు. బందోబస్తుకు వచ్చినవారు విందుకు కూర్చోవడం ఏమి మర్యాద? పైగా ఆవు ఈనే రోజుల్లో, మాకు తమరి అవసరం ఎక్కువగా ఉన్నప్పుడే, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగి, నాళాల గోడను పట్టుకునే ఎల్-సెలెక్టిన్ అనే ప్రోటీన్ తమరి ఒంటి మీద తగ్గిపోతుంది.

మనుషులేమో మిల్లీలీటరు పాలలో సోమాటిక్ కణాలు (వాపున్నప్పుడు వీటిలో ఎక్కువ భాగం తమరి వంటి తెల్ల రక్తకణాలే) 2 లక్షలు దాటితే పొదుగువాపు ఉందని అనుమానిస్తారు. అంటే దొంగను వెతకకుండా పోలీసుల తలలు లెక్కపెడతారన్నమాట.

అయినా తమరి రాజీనామా కోరడం లేదు. నాళం గోడకు గట్టిగా అతుక్కోవడానికి కావలసిన సీడీ18 అనే ప్రోటీన్ లోపంతో పుట్టిన హోల్‌స్టీన్ జాతి దూడల్లో తమరు రక్తంలో కిక్కిరిసి ఉండి కూడా నాళం దాటి రాలేక, ఆ దూడలు పసితనంలోనే అంటువ్యాధులకు బలైన సంగతి నాకు తెలుసు. పాలు పితికాక చనురంధ్రం పూర్తిగా మూసుకునేలోపు ఎవరైనా దూరితే కబురు మళ్లీ నేనే పంపుతాను. ఈసారి దయచేసి భోంచేసి రండి.

ఇట్లు,
పాలతిత్తి గోడలో ఇంకా మిగిలి ఉన్న ఒక పాలకణం