పేరు హైదరాబాద్‌ది, మైదానం ముంబైది

2025లో హైదరాబాద్ పేరుతో ఒక కొత్త ప్రొఫెషనల్ జట్టు పుట్టింది. అదే ఏడాది ఒక పాత జట్టు ఊరు విడిచి వెళ్ళిపోయింది. వచ్చింది రగ్బీ జట్టు హైదరాబాద్ హీరోస్. పోయింది ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ. వచ్చినప్పుడూ ఊళ్ళో చీమ చిటుక్కుమనలేదు, పోయినప్పుడూ చిటుక్కుమనలేదు. ఏడాది చివర క్రీడల లెక్కలు తీస్తుంటే మమ్మల్ని కలవరపెట్టినది ఈ నిశ్శబ్దమే. ఊరి పేరు పెట్టుకున్న జట్టు పుట్టినా పోయినా ఊరికి పట్టలేదంటే, ఆ పేరు ఎందుకు పెట్టినట్టు? ఎవరిని అడిగి పెట్టినట్టు?

హీరోస్ ఆడింది కొత్తగా మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో. జూన్ 15 నుంచి 29 వరకు ఆరు జట్లు, 34 మ్యాచ్‌లు. ఫైనల్లో చెన్నై బుల్స్ 41-0తో ఢిల్లీ రెడ్జ్‌ను చిత్తు చేసింది. చెన్నై చెన్నైలో ఆడలేదు, ఢిల్లీ ఢిల్లీలో ఆడలేదు, హైదరాబాద్ హైదరాబాద్‌లో ఆడలేదు. అన్నీ ముంబైలోని అంధేరి స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లోనే జరిగాయి. ఆడింది జట్టుకు ఏడుగురే ఉండే రగ్బీ, దాన్నే సెవెన్స్ అంటారు. ఒక్కో మ్యాచ్‌కు నాలుగేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. లీగ్ దశలో ఒక్కో జట్టుకు పది మ్యాచ్‌లు. లెక్కేస్తే హైదరాబాద్ పేరున ఆ దశలో జరిగిన ఆట మొత్తం 160 నిమిషాలు. మన పెద్ద హీరోల సినిమాలు అంతకంటే ఎక్కువసేపే ఉంటాయి, అవి కనీసం మన ఊరి థియేటర్లో ఆడతాయి.

ఆటగాళ్ళను ఏమీ అనడం లేదు. న్యూజిలాండ్ సెవెన్స్ జట్టుకు ఏళ్ళ తరబడి కెప్టెన్‌గా ఉన్న డీజే ఫోర్బ్స్ హీరోస్‌కు కోచ్. ఫిజీ నుంచి టెరియో తమాని, స్పెయిన్ నుంచి మాను మొరెనో వచ్చారు. సెవెన్స్ ప్రపంచంలో వీళ్ళు పేరున్నవాళ్ళు. ఒక్కో జట్టులో పదమూడు మంది ఉంటే అందులో మన దేశం వాళ్ళు అయిదుగురే. ఆ అయిదుగురి సంగతే ఎక్కువ ఆలోచించాలి. వేలంలో అందరికంటే ఎక్కువ ధర పలికిన భారత ఆటగాడు మోహిత్ ఖత్రి. ఆయన్ను కళింగ బ్లాక్ టైగర్స్ 4.75 లక్షలకు తీసుకుంది. అత్యధిక ధరే అది! ఐపీఎల్ వేలం కోట్లకు అలవాటుపడిన మన చెవులకు ఈ అంకె వినపడదు కూడా. మిగతా వాళ్ళకు వచ్చింది అంతకంటే తక్కువే.

ఆ డబ్బుకు వాళ్ళు పెట్టుబడిగా పెడుతున్నది ఒంటిని. వంద మీటర్ల మైదానం, జట్టుకు ఏడుగురే. ఎదురుగా తొంభై, వంద కిలోల మనిషి పూర్తి వేగంతో దూసుకొస్తుంటే తలను అతని తుంటి పక్కకు తప్పించి, భుజం ఆనించి, కాళ్ళు చుట్టేసి పడగొట్టాలి. పడ్డవాడు లేచే లోపు మళ్ళీ లేచి బంతి కోసం పెనుగులాడాలి. ఒంటికి హాకీ గోల్‌కీపర్‌కు ఉన్నట్టు ప్యాడ్లు ఉండవు. భుజం జారడం, మోకాలి లిగమెంట్ తెగడం ఈ ఆటలో కొత్త కాదు. మోకాలికి ఆపరేషన్ జరిగితే మళ్ళీ మైదానంలోకి రావడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది. లీగ్ పదిహేను రోజులు. మిగిలిన యాభై వారాలు ఆ కుర్రాడు ఎవరి మనిషి? ఊళ్ళో జట్టు ఆఫీసు ఉంటే, అభిమానులు ఉంటే, స్టేడియం గేటు దగ్గర నిలబడి అడిగేవాళ్ళు ఉంటే అది ఒక లెక్క. పేరు తప్ప ఇంకేమీ లేనిచోట అడిగే నాథుడు ఎవరు?

కొత్త లీగ్, కొత్త ఆట, ఒకేచోట ఆడితే ఖర్చు తగ్గుతుంది, టీవీ కెమెరాలకు వీలు, ముందు నిలదొక్కుకోనివ్వండి అని నిర్వాహకుల తరఫున వాదించేవాళ్ళు ఉన్నారు. ఖర్చు మాట నిజమే. కాదనం.

మరి ఆ ఖర్చు భరించలేనప్పుడు ఊళ్ళ పేర్లు ఎందుకు? జట్లకు రంగుల పేర్లు పెట్టుకోవచ్చు, జంతువుల పేర్లు పెట్టుకోవచ్చు, స్పాన్సర్ పేరే పెట్టుకోవచ్చు. అలా పెట్టరు. ఎందుకంటే హైదరాబాద్ అనే పేరుకు మార్కెట్‌లో విలువ ఉంది. ఆ పేరు చూసి టీవీ ముందు ఆగే ప్రేక్షకుడు ఉన్నాడు, ఆ ప్రేక్షకుణ్ణి చూపించి ప్రకటనలు అమ్ముకోవచ్చు. పేరు వల్ల వచ్చేది వాళ్ళకు, పేరు పోతే పరువు మనకు. అద్దె కూడా కట్టకుండా ఊరి పేరు వాడుకునే ఈ పద్ధతి రగ్బీతో మొదలు కాలేదు. రగ్బీతో ఆగేలా కూడా లేదు. మా ఆందోళన అంతా ఇదే.

డెక్కన్ చార్జర్స్‌ను గుర్తు చేసుకోండి. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దక్షిణాఫ్రికాలో ఐపీఎల్ గెలిచిన జట్టు. ఆటగాళ్ళకు డబ్బులు సకాలంలో అందలేదన్న గొడవల మధ్య 2012 సెప్టెంబర్‌లో క్రికెట్ బోర్డు దాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నడిచిందంతా ఆర్బిట్రేషన్, కోర్టు. కప్పు గెలిచిన ఊరికి ఆ గొడవలో పార్టీగా చోటే లేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ కథ ఇంకా దారుణం. పుణెలో ఒక ఫ్రాంచైజీ మూతపడితే ఆ ఖాళీలో 2019లో ఇక్కడ పుట్టింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీల్లో గెలిచి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) చాంపియన్ అయింది. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్ళు తిరక్కుండానే జీతాలు ఆగిపోయాయి. విదేశీ ఆటగాళ్ళు, సీనియర్లు ఒక్కొక్కరే సర్దుకుని పోతే, కుర్రాళ్ళను దింపి సీజన్ ఎలాగో లాగించారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటంటే ఒక్కటే గెలుపు. చేతులు మారిన ఆ జట్టు 2025 అక్టోబర్ నాటికి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. పేరు చెరిపేయడం అంత సులువైంది, ఎందుకంటే పెట్టడమూ అంతే సులువుగా జరిగింది.

హాకీలోనూ అదే తంతు. హైదరాబాద్ తూఫాన్స్ 2025 ఫిబ్రవరిలో హాకీ ఇండియా లీగ్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ ఫైనల్ జరిగింది రూర్కెలాలో. సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ లేదు. గచ్చిబౌలి హాకీ స్టేడియంలోనే 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ జరిగిందని, అందులో హైదరాబాద్ సుల్తాన్స్ కప్పు కొట్టిందని ఇవాళ్టి కుర్రాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఆ లీగూ లేదు, ఆ సుల్తాన్సూ లేరు.

రగ్బీ చరిత్రలోనే మన దేశానికి సంబంధించిన ఒక ముచ్చట ఉంది. కలకత్తాలో తెల్లదొరలు 1870లలో పెట్టుకున్న క్లబ్ నాలుగైదేళ్ళకే పలచబడింది. మూసేయాల్సి వచ్చినప్పుడు బ్యాంకు ఖాతాలో మిగిలిన 270 వెండి రూపాయలు తీసి, కరిగించి, నాగుపాము పిడులతో, మూతమీద ఏనుగుతో ఒక కప్పు చేయించి ఇంగ్లండ్‌కు పంపారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ ఇప్పటికీ ఏటా ఆడుకునేది ఆ కలకత్తా కప్పు కోసమే. దొరల్ని పొగడాల్సిన పని మాకు లేదు. కానీ మూతపడుతూ కూడా ఆటకు ఏదో ఒకటి వదిలిపోయారు. మన ఫ్రాంచైజీలు పోతూ పోతూ వదిలేది బకాయిల చిట్టా.

జట్టుకూ ఊరికీ సంబంధం అంటే ఏమిటో హైదరాబాద్‌కు ఎవరూ నేర్పక్కర్లేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు ఫుట్‌బాల్‌లో రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాని కోచ్ ఎస్.ఏ. రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు కోచ్ ఆయనే, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం వచ్చినప్పుడూ ఆయనే. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడాడు. సిటీ పోలీస్ జట్టుకు వేలం లేదు, లోగో ఆవిష్కరణ లేదు. జీతం ఇచ్చే శాఖ ఊళ్ళో ఉంది, ప్రాక్టీసు చేసే మైదానం ఊళ్ళో ఉంది, ఆట చూసే జనం ఊళ్ళో ఉన్నారు. ఓడితే ఇరానీ హోటల్లో టీ తాగుతున్నవాడు నిలదీస్తాడు. ఆ భయం ఉంది. హీరోస్‌ను నిలదీయాలంటే ఎక్కడికి వెళ్ళాలి? అంధేరికా?

ఊళ్ళో రగ్బీ ఎవరు చూస్తారు, స్టేడియం ఎక్కడుంది అని నీళ్ళు నమలాల్సిన పని కూడా లేదు. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన బాలయోగి స్టేడియం గచ్చిబౌలిలో ఉంది. పచ్చికకు, గ్యాలరీకి లోటు లేదు. రగ్బీకి కావలసింది గీతలు మార్చడం, హెచ్ ఆకారంలో గోల్ స్తంభాలు పాతడం. పక్కనే ఉన్న ఇండోర్ స్టేడియంలో 2025 అక్టోబర్‌లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ మొత్తం, మొదటి మ్యాచ్ నుంచి ఫైనల్ దాకా జరిగింది. అంటే ఒకేచోట లీగ్ పెట్టదలిస్తే ఆ ఒక్కచోటు మన ఊరు కూడా కావచ్చు. ఇంకో మాట. రగ్బీ లీగ్‌ను నడుపుతున్న జీఎంఆర్ సంస్థ వ్యవస్థాపకుడిది మన రాజాం. శంషాబాద్ విమానాశ్రయం నడుపుతున్నదీ అదే సంస్థ. దేశంలో ఎక్కడి నుంచి ఆటగాణ్ణి తెప్పించినా ముందు దిగేది వాళ్ళ గుమ్మంలోనే! అక్కడి నుంచి గచ్చిబౌలికి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట. ఆ అరగంట దూరం రాలేకపోయారు.

ఆటను పెంచడమంటే ఏమిటో చూడాలనుకుంటే ఒడిశా వెళ్ళండి. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే గిరిజన పిల్లలు 2007లోనే లండన్ వెళ్ళి అండర్-14 స్కూల్ టోర్నీ గెలుచుకొచ్చారు. బిహార్ 2025 ఆగస్టులో రాజ్‌గిర్‌లో ఆసియా అండర్-20 సెవెన్స్ నిర్వహించింది. రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో బిహార్ పేరుతో జట్టే లేదు! పేరు లేనిచోట ఆట ఉంది, పేరు ఉన్నచోట ఆట లేదు. మన గురుకులాల్లో పరుగెత్తగలిగే పిల్లలకు కొదవా? ఏజెన్సీ హాస్టళ్ళలో ఒక రగ్బీ బంతి, ఒక పీఈటీ సారుకు పది రోజుల శిక్షణ ఇస్తే చాలు, మొదలవుతుంది. ఆడపిల్లల ఊసైతే ఎత్తనే అక్కర్లేదు, మొదటి సీజన్ మగవాళ్ళకు మాత్రమే పెట్టారు.

ఇక ప్రభుత్వం. 2025 ఆగస్టులో కొత్త క్రీడా విధానం ప్రకటించారు, పారిశ్రామికవేత్తలతో బోర్డు వేశారు. డిసెంబర్ 13న ఉప్పల్‌కు ఫుట్‌బాల్ దిగ్గజం మెస్సీ వచ్చాడు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగారు. ఊరంతా సంబరపడింది, మేమూ సంబరపడ్డాం. కానీ అంతకు రెండు నెలల ముందే ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్ళింది. ఆ జట్టును ఆపడానికి ఎవరు బూట్లు కట్టుకున్నారు? ఒక్క రోజు పండగకు దొరికిన శ్రద్ధలో పదో వంతు ఒక్క క్లబ్‌కు దొరికి ఉంటే ఈ సంపాదకీయం రాసే అవసరం ఉండేది కాదు. ప్రైవేటు జట్టు మా పరిధి కాదు అంటారా? స్టేడియం మీది, పోలీసు బందోబస్తు మీది, అనుమతులు మీవి. ఊరి పేరు పెట్టుకోవాలంటే ఊళ్ళో ఇన్ని మ్యాచ్‌లు ఆడాలి, ఇన్ని స్కూళ్ళకు కోచ్‌ను పంపాలి అని షరతు పెట్టడానికి చేతులు ఎందుకు రావు? ఏపీ పాలకులు కూడా పక్క రాష్ట్రం గొడవ కదా అని కూర్చోనక్కర్లేదు. రేపు విశాఖ పేరో విజయవాడ పేరో ఇలాగే ఏ జెర్సీ మీదో తేలుతుంది, మ్యాచ్ మాత్రం ఇంకెక్కడో జరుగుతుంది.

హీరోస్ యాజమాన్యం, లీగ్ నిర్వాహకులు, దేశంలో ఈ ఆటను చూసే సంఘం రగ్బీ ఇండియా ముగ్గురూ వినాలి. వచ్చే సీజన్‌లో కనీసం రెండు రోజులు గచ్చిబౌలిలో ఆడండి. భారత ఆటగాళ్ళ డబ్బు మొదటి మ్యాచ్‌కు ముందే బ్యాంకులో విడిగా జమ చేయండి, గాయపడినవాడి వైద్యం లీగ్ ముగిసిన రోజుతో ఆగిపోదని రాసివ్వండి. ఊళ్ళో ఒక ఆఫీసు, తలుపు తట్టడానికి ఒక అడ్రస్ పెట్టండి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు, ప్రొఫెషనల్ అని చెప్పుకునే ఏ జట్టైనా చేయాల్సిన కనీస పనులు. ఇదీ చేతకాకపోతే జెర్సీ మీద నుంచి హైదరాబాద్ తీసేసి మీ కంపెనీ పేరే పెట్టుకోండి. నాలుగు వందల ఏళ్ళ ఊరు పదిహేను రోజుల టీవీ షోకు బోర్డుగా ఉండదు.