చలానా టోపీ దొరకు దండం

నార్కట్‌పల్లి దాటినంక హైవే పక్కన తాడుకు గుత్తులుగా వేలాడే చలానా టోపీ దొరా, పోలీసు చలానా తప్పించుకోను కొనే ఉత్తుత్తి హెల్మెటూ, నీకు దండం.

ఎండకు నీ ఎరుపు గులాబీ అయింది, దుమ్ముకు ఆ గులాబీ బూడిద అయింది, గిరాకీ మాత్రం తగ్గలే. నీ దగ్గర బండి ఆపినోడు తల కొలత చెప్పడు. "కెమెరాకు కనబడుతదా?" అంటడు. కనబడుతవు. ఆ ఒక్క పనిలో నీకు వంక పెట్టలేం. నల్లగొండ గడియారం సెంటర్ వస్తుందనంగ నెత్తికెక్కుతవు, పోలీసు కనుమరుగు కాంగనే దిగి అద్దానికి వేలాడుతవు.

నీ లోపల బొటనవేలితో నొక్కి చూసినం. మెత్తగ దిగి, మళ్ల పైకొచ్చింది. అంటే స్పాంజి. అసలు హెల్మెటులో గుడ్డ కింద గట్టి థర్మోకోల్ ఉంటది, వేలికి లొంగదు. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి, తల ఆగేందుకు ఇంత దూరం, ఇంత సమయం ఇస్తది. లెక్క చిన్నదే. నిలబడ్డ బండి మీది నుంచి ఒరిగిపడ్డా, మీటరున్నర ఎత్తు నుంచి తల నేలకు చేరేసరికి గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటది. అరంగుళం స్పాంజి ఆ వేగానికి ముందే అణిగిపోతది. ఇగ మిగిలేది నీ ప్లాస్టిక్ డొప్ప, దాని కింద తారు. "ఊళ్లెనే కదా, మెల్లగ పోతం" అనేటోళ్లకు ఈ లెక్క నువ్వే చెప్పరాదూ?

థర్మోకోల్‌కు ఒక గుణం ఉంది: ఒకసారి నలిగితే మళ్ల లేవదు. అందుకే గట్టిగ పడ్డ హెల్మెటు పైకి నున్నగ మెరిసినా లోపల దాని పని అయిపోయినట్టే. అద్దం కొమ్మకు గుచ్చి ఊరంతా తిప్పితే ఆ మొన కూడా సొట్ట పెడతది. పెట్రోలు గుడ్డతో తుడిస్తే కరిగిపోతది. నీకు ఈ బాధలేవీ లేవు, కరగడానికి లోపల ఏదన్నా ఉండాలె గద!

నీ వీపు మీద ఐఎస్ఐ స్టిక్కరుంది. గోటితో గీకితే ఊడొచ్చింది. అసలు ముద్రకు పైన హెల్మెట్ల ప్రమాణం నంబరు ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటయి. ఆ నంబరు, ఈ ముద్ర ఇచ్చే సర్కారు సంస్థ బీఐఎస్ వాళ్ల "బీఐఎస్ కేర్" యాప్‌లో కొడితే కంపెనీ పేరు, లైసెన్సు నడుస్తుందో లేదో చెప్తది. బైకు హెల్మెటుకు 2021 జూన్ 1 నుంచి ఈ ముద్ర తప్పనిసరి. నువ్వేమో పట్టపగలు హైవే మీదనే కొలువుదీరినవ్.

అన్నిటికంటె మెచ్చుకోవాల్సింది నీ సమభావం. అందరి తలకూ ఒకటే సైజు!

మేమైతే టైలర్ టేపు తీసుకొని, కనుబొమ్మలకు అంగుళం పైన, చెవుల మీదుగా, వెనక తల బాగ ఉబ్బినచోటు చుట్టూ కొలుస్తం. రెండుమూడుసార్లు కొలిచి పెద్ద అంకె పట్టుకుంటం. 58 సెంటీమీటర్లొస్తే మన దగ్గర దొరికే చాలా కంపెనీలలో మీడియం, పెట్టె మీద 580 అని మిల్లీమీటర్లలో రాసుంటది. 600 అయితే లార్జ్. కాని టేపుకు చుట్టుకొలతే తెలుసు, ఆకారం తెల్వదు. ఒకరి తల నిమ్మకాయ లెక్క గుండ్రం, ఇంకొకరిది మామిడికాయ లెక్క పొడుగు. పొడుగు తలకు గుండ్రటి హెల్మెటు పెడితే నుదురు నొస్తది, చెవుల పక్కన సందు మిగులుతది. అందుకే దుకాణంలో పావుగంట తీయకుండ కూసోవాలె, సేటు చాయ్ తెప్పించినా సరే. తీసినంక నుదుటి మీద ఒక్కచోటనే ఎర్రగ కమిలి నొప్పి పుడుతుంటే, పెద్ద సైజు అడగొద్దు, వేరే మోడల్ అడగాలె. పెద్ద సైజు తీసుకున్నోడు నొప్పిని వదిలించుకొని, ఊగుడు కొనుక్కుంటడు.

బుగ్గలు కొంచెం ఒత్తుకోవడం మంచిదే. నమిలినట్టు చేస్తే బుగ్గ పండ్లకు తగలాలె. లోపలి మెత్తలు వాడంగ వాడంగ అణుగుతయి, కొత్తలోనే హాయిగ ఉన్నది కొన్నాళ్లకు లూజు అయితది. పట్టీ బిగించినంక గదమ కింద ఒకటి రెండు వేళ్లు పట్టాలె, అంతే. తల అటుఇటు తిప్పితే హెల్మెటుతోపాటు నుదుటి చర్మం కూడా కదలాలె. ఆఖరి పరీక్ష: వెనక అంచు పట్టుకొని ముందుకు పైకి ఎత్తాలె. పట్టీ పెట్టి ఉన్నా ఊడొచ్చిందా, ఎంత బేరం తెగినా దుకాణంలోనే వదిలేసి రావాలె. ఈ పరీక్ష నీకు పెట్టబోయినం, అంచు పట్టకముందే చేతిలోకొచ్చినవ్.

మన దిక్కు ఎండకాలం ముచ్చట ఇంకొకటి. నెత్తికి దస్తీ కట్టి, దాని మీద హెల్మెటు పెడతరు. మడతల దస్తీ లోపల జారుతది, హెల్మెటు పైకి లేచి కూసుంటది. చెమటకు పల్చటి కాటన్ టోపీ చాలు. కొనేటప్పుడు కూడ ఆ టోపీతోనే పెట్టి చూసుకోవాలె.

"గాలాడుతది" అని నిన్ను పొగుడుతరు. ఆడుతది మరి. మిర్యాలగూడ రోడ్డులో ఊక ట్రాక్టరు వెనక పడ్డప్పుడు గాలితోపాటు ఊక కూడా ఆడుతది, నేరుగ కండ్లలోనే. ముఖమంతా కప్పే హెల్మెటుకు గదమ కాడ కూడ గాలి తూట్లుంటయి, ముందట తెల్లటి అద్దం ఉంటది. నల్లద్దం స్టైలుగనే ఉంటది, పొద్దుగూకినంక దారి కనబడదు. గీతలు పడ్డ అద్దమైతే ఎదురొచ్చే లారీ లైటుకు మొత్తం తెల్లగ చిమ్ముతది. అద్దం మార్చుకోవచ్చు, హెల్మెటు కొత్తది కొనే పన్లేదు.

చట్టం కూడ నీ మీద పగబట్టినట్టుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెటును పట్టీతో తలకు బిగించుకోవాలంటది, ఉత్తగ నెత్తి మీద పెట్టుకుంటే చాలనలేదు.

పడి దెబ్బతిన్న హెల్మెటును పారేసేటప్పుడు పట్టీ కత్తిరించి పారేయాలె, లేకుంటే ఎవరో ఏరుకొని మళ్ల వాడుతరు. నీ కోసం కూడ కత్తెర తెచ్చినం దొరా. తీరా చూస్తే నీ బకల్ ఎన్నడో ఊడిపోయింది, పట్టీని సుతిలి తాడుతో ముడేసిండ్రు.